లోతు మంచుకు రెండో జత స్కీలు: వెడల్పా, పొడవా?

చలిచీమ (ఫోర్ట్ కాలిన్స్, కొలరాడో), నవంబరు 4

అందరికీ నమస్కారం. మూడేళ్ళుగా ఈ స్కీ చర్చా వేదికలో మీ మాటలు చదువుకుంటూ మూలన కూర్చున్నవాణ్ణి. అవసరం పడింది కాబట్టి నోరు విప్పుతున్నాను.

నా దగ్గర ఉన్నది ఒకే జత. ఫిషర్ ట్రావర్స్ 78, పొడవు 189 సెం.మీ. వెడల్పు ముక్కు దగ్గర 78, నడుము దగ్గర 61, తోక దగ్గర 69 మి.మీ. అడుగున వెనక్కి జారకుండా చెక్కిన చేప పొలుసులు, అంచులకు ఉక్కు. బైండింగు, అంటే బూటును స్కీకి పట్టించే బిగింపు, ఎన్.ఎన్.ఎన్. బీసీ రకం. బూట్లు అల్పీనా అలాస్కా, తోలువి. నా బరువు 76 కిలోలు. వీపు సంచి, నీళ్ళు, పులిహోర డబ్బా కలిపితే 84.

వెళ్ళేది ఎక్కువగా కామెరాన్ పాస్‌కు. కొండల మధ్య కనుమ అది, ఎత్తు 10,276 అడుగులు. మిచిగన్ డిచ్ అనే కాలువ గట్టు బాట, లేదంటే జిమ్మర్‌మన్ చెరువు. ఎవరైనా ముందు నడిచి తొక్కిన దారి ఉంటే ఈ స్కీలకు వంక పెట్టలేను. చిక్కంతా కొత్త మంచు పడిన మర్నాడే.

పోయిన ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండడుగులు కురిసింది. తెల్లారేసరికి నేను అక్కడ ఉన్నాను. ముక్కులు మంచు కిందకు దూరిపోయాయి. కాలెత్తితే స్కీ మీద తట్టెడు మంచు. దాన్ని దులిపి, ముక్కును పైకి లాగి, మళ్ళీ వేస్తే మళ్ళీ లోపలికే. గంటన్నరలో కిలోమీటరు నడిచానో లేదో. స్నోషూలు (మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పు చట్రాలు) వేసుకున్న ఒక పెద్దావిడ వెనక నుంచి వచ్చి, "దారి తొక్కినందుకు చాలా థాంక్స్" అని నవ్వి, నన్ను దాటుకుని వెళ్ళిపోయారు. ఆ నవ్వు ఇంకా మరిచిపోలేదు.

అందుకే రెండో జత. నేను చూస్తున్నవి ఇవి: ఫిషర్ ఎస్-బౌండ్ 98 (98-69-88), ఎస్-బౌండ్ 112 (112-78-95), మాడ్షుస్ ఎమ్78 (109-78-95), ఆఖరున ఆల్టాయ్ హోక్. బూట్లు మార్చే ఉద్దేశం లేదు. ఇంట్లో అనుమతి స్కీలకు మాత్రమే దొరికింది.

సరస్సుగాలి (హౌటన్, మిచిగన్), నవంబరు 4

స్వాగతం. ముందు ఒక ప్రశ్న. ఏ మంచు?

మన భాషలో ఇదొక ఇబ్బంది. గడ్డి మీద పొద్దున కనిపించేది మంచు, సంక్రాంతికి రోడ్డు కనబడకుండా చేసేది మంచు, ఆకాశం నుంచి పడేది మంచు, పెళ్ళిలో నిమ్మరసంలో వేసేది కూడా కొందరికి మంచే. స్కీలు కొనడానికి ఈ ఒక్క మాట చాలదు. నేను వంటింటి లెక్క పెట్టుకున్నాను. గాలి లేని చలిలో అప్పుడే పడినది మైదాపిండి. నాలుగు రోజులు ఎండా చలీ తిన్నది బొంబాయి రవ్వ. పొర కింద దాక్కుని అడుగేస్తే జారిపోయేది పంచదార. సున్నా దగ్గర పడేది నానబెట్టిన అటుకులు. పైన అప్పడంలా పెచ్చు కట్టి, కింద పిండి ఉన్నది అన్నింటికంటే చెడ్డది.

మాకు సుపీరియర్ సరస్సు మీదుగా వచ్చే గాలి మంచును కుమ్మరిస్తుంది. మా పక్కన కీవీనా కౌంటీలో 1978-79 చలికాలంలో 390.4 అంగుళాలు పడింది. ఆ లెక్క చూపించే నిలువెత్తు కొలబద్ద రోడ్డు పక్కన ఇప్పటికీ ఉంది. కొండలు మాత్రం గుట్టలే. పొదలు, చిట్టడవి, పొట్టి ఏటవాలులు. అందుకని నేను హోక్ 145 వాడతాను. కొలరాడోలో మీ దారి ఎలా ఉంటుందో చెప్పకుండా నా స్కీ మీకు అంటగట్టను.

ఉప్పుసరస్సు మామయ్య (సాల్ట్ లేక్ సిటీ), నవంబరు 5

తమ్ముడూ, పాతికేళ్ళుగా వాసాచ్ కొండల్లో ఈ పిండి పిసుకుతున్నవాణ్ణి. సూటిగా చెబుతాను. 98 తీసుకోవద్దు. నీ 78కి అది అన్నగారే తప్ప వేరే మనిషి కాదు. రెండో జత అంటే మొదటిది చేయలేని పని చేయాలి. 112 గానీ ఎమ్78 గానీ తీసుకో. పాదం కింద 78 మి.మీ. ఉంటే మంచు నిన్ను మోస్తుంది.

నీ ఫిబ్రవరి కథలో అసలు దోషి వెడల్పు ఒక్కటే కాదు. స్కీ మధ్యలో ఉండే విల్లు వంపు, అంటే కాంబర్, గట్టి దారి మీద పనికొచ్చే ఏర్పాటు. ఒంటికాలిపై బరువు వేసినప్పుడు వంపు అణిగి, పొలుసులు నేలను పట్టుకుంటాయి. బరువు తీస్తే వంపు లేచి, పొలుసులు గాలిలో ఉండి, స్కీ జారుతుంది. లోతు మంచులో కింద ఆనుకోవడానికి నేలే లేదు కదా. అక్కడ గట్టి స్కీ కర్రలా నిటారుగా ఉండిపోతుంది, ముక్కు దున్నుతుంది. వెడల్పు స్కీలకు వంపు తక్కువ, ముక్కు మెత్తన. దానంతట అదే పైకి లేస్తుంది.

ఇక బూట్లు. అనుమతి సంగతి నాకు తెలియదు కానీ, 78 మి.మీ. నడుముకు తోలు బూటు చాలదు. నావి స్కార్పా టీ4, ప్లాస్టిక్‌వి. బైండింగు మూడు మేకుల 75 మి.మీ., పైన తీసి పెట్టుకునే తీగ. పాత పద్ధతి అని మీరంతా నవ్వుతారు. 1927లో బ్రూర్ విట్ అనే నార్వే ఆయన చేసిన రొట్టెఫెల్లా నుంచి వచ్చిన వంశం అది. రొట్టెఫెల్లా అంటే ఎలుకల బోను. పట్టుకుంటే వదలదు.

ఫిన్సే అక్క (బెర్గెన్, నార్వే), నవంబరు 5

మామయ్య గారికి వెడల్పు అంటే ఎంత ప్రేమో ఈ వేదికలో అందరికీ తెలుసు. కాస్త లెక్క వేద్దాం.

మునగడం, తేలడం అన్నది మంచుకు ఆనే వైశాల్యం మీద ఆధారపడుతుంది. మూడు కొలతల సగటు తీసి పొడవుతో గుణిస్తే పచ్చి లెక్క వస్తుంది. చలిచీమ గారి 78 (189 పొడవు): సుమారు 1,310 చదరపు సెం.మీ. ఎస్-బౌండ్ 98, 189 పొడవుది: 1,606. ఎస్-బౌండ్ 112, 169 పొడవుది: 1,605.

మళ్ళీ చదవండి. పొట్టి 112, పొడుగు 98 దాదాపు సమానం. దుకాణంలో ఎవరో "వెడల్పు స్కీ కాబట్టి పొట్టిది తీసుకోండి" అని చెబుతారు. మీరు డబ్బు పెట్టి కొన్న తేలే గుణాన్ని పొడవు తగ్గించి అక్కడే వదిలేసి వస్తారు.

ఇంకో మాట. ముక్కు మరీ మెత్తగా ఉన్న స్కీ లోతు మంచులో అరటిపండులా వంగుతుంది. ముక్కు పైకి, తోక పైకి, మీరు మధ్యలో గుంటలో. ప్రతి అడుగూ ఆ గుంటలోంచి ఎక్కడమే. పొడవుగా, ఒకే తీరు బిగువుతో ఉన్న స్కీ మీ బరువును ఆ కొస నుంచి ఈ కొస దాకా పంచుతుంది. నాది ఓస్నెస్ ఇంగ్‌స్టాడ్, నడుము 62 మాత్రమే. ముక్కు కాస్త ముందు నుంచే లేచి ఉంటుంది, మిగతాదంతా బిగువు. దానితో చాలా లోతులు చూశాను.

ఉప్పుసరస్సు మామయ్య, నవంబరు 5

అక్కా, మీ హర్దంగర్‌విడ్డ పీఠభూమి మీద చెట్టు ఉండదు. గాలి ఆ మంచును దిమిసా కొట్టినట్టు చదును చేసి పెడుతుంది. దాని మీద కర్రముక్క కట్టుకున్నా పోవచ్చు. మా అడవుల్లో దేవదారుల మధ్య మంచు గాలి తగలకుండా నడుము లోతున పడి ఉంటుంది. అక్కడ రెండు మీటర్ల స్కీ తిప్పి చూపించండి.

ఫిన్సే అక్క, నవంబరు 6

పీఠభూమి గురించి మీరన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ అడవి అనగానే పొట్టి స్కీ అనడం కుదరదు. ఫిన్లాండు అడవుల్లో వేటకూ అటవీ పనులకూ ఇప్పటికీ వాడే స్కీలు 240 సెం.మీ. దాటి ఉంటాయి. అదీ లోతైన, పొడి, ఎవరూ తొక్కని మంచులోనే. మలుపు తిప్పడానికి కాదు, తిన్నగా పోవడానికి.

మీ అమెరికా సంగతే చూడండి. 1856 నుంచి ఇరవై ఏళ్ళు సియెర్రా నెవాడా దాటి ప్లాసర్‌విల్ నుంచి జెనోవాకు ఉత్తరాలు మోసిన స్నోషూ థాంప్సన్ మా టెలిమార్క్ మనిషి. పేరులో స్నోషూ ఉన్నా ఆయన కాళ్ళకు కట్టుకున్నవి పదడుగుల స్కీలు. చేతిలో ఒకే ఒక కర్ర.

సరస్సుగాలి, నవంబరు 6

అక్క ఫిన్లాండు చెప్పారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. చైనా, మంగోలియా సరిహద్దుల్లో అల్తాయ్ పర్వతాలు ఉన్నాయి. అక్కడివాళ్ళు స్ప్రూస్ చెక్కతో వెడల్పు స్కీలు చెక్కి, అడుగున గుర్రం తోలు బిగిస్తారు. వెంట్రుకలు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి ముందుకు జారుతుంది, వెనక్కి జారదు. ఒకటే పొడుగాటి కర్ర. నా హోక్ తయారుచేసినవాళ్ళు ఆ స్కీలను చూసే దీన్ని రూపొందించారు. 125, 145 సెం.మీ. రెండే పొడవులు, నడుము 100 మి.మీ. పైనే, పాదం కింద స్కిన్, అంటే ఆ తోలులా వెనక్కి జారనివ్వని నూగు పట్టీ, శాశ్వతంగా అతికించి ఉంటుంది.

అంటే లోతు మంచులో పుట్టి పెరిగిన మనుషులే రెండు దారులు పట్టారు. చదునైన అడవిలో ఉన్నవాళ్ళు పొడవు పెంచారు, నిటారు కొండల్లో ఉన్నవాళ్ళు వెడల్పు పెంచారు. మంచు లోతు చూసి ఏ స్కీ కావాలో చెప్పలేం. నేల ఎలా ఉందో చూడాలి.

చలిచీమ గారూ, హోక్ మీద ఆశపడేముందు ఒకటి తెలుసుకోండి. ఆ స్కిన్ వల్ల ఎక్కడం సులువు, జారడం తక్కువ. చదును దారిలో అది నడకే. మీ మిచిగన్ డిచ్ చదును కాలువ గట్టు అని విన్నాను. అలాగైతే హోక్ మీద మీకు నిద్ర వస్తుంది.

వేసవి మనిషి (విశాఖపట్నం), నవంబరు 6

నేను స్కీ ముట్టుకోలేదు. లంబసింగిలో వేకువన టోపీ పెట్టుకుని వణికిన అనుభవమే నా హిమాలయం. అయినా ఈ వేదిక వదలను. ఒక అమాయకపు ప్రశ్న. ఆ పెద్దావిడ స్నోషూలతో హాయిగా దాటి వెళ్ళిందని ఆయనే రాశారు కదా. మరి స్నోషూలు కొనుక్కుంటే పోదా? ధర కూడా తక్కువంటారు.

చలిచీమ, నవంబరు 6

వేసవి మనిషి గారూ, మా ఆవిడ అడిగినదీ అచ్చంగా ఇదే ప్రశ్న. ఆవిడకు చెప్పిన జవాబే మీకూ. స్నోషూలతో వెళ్ళేటప్పుడు ఎన్ని అడుగులో వచ్చేటప్పుడూ అన్ని అడుగులే. స్కీ మీద తిరుగుదారిలో కాళ్ళు ఊరికే నిలబడి ఉంటాయి, చెట్లే వెనక్కి పోతుంటాయి. ఆ పావుగంట కోసమే మిగతా నాలుగు గంటలు.

తడిమబ్బు (సియాటెల్), నవంబరు 7

మా కాస్కేడ్ మంచు సిమెంటు. మునగడం కంటే అంటుకోవడం మాకు పెద్ద బాధ. సున్నా దగ్గర చెట్ల నీడలోని పొడి మంచులోంచి ఎండలోని తడి మంచులోకి వచ్చి మళ్ళీ నీడలోకి వెళితే, పొలుసుల నిండా మంచు గడ్డకట్టి ఎత్తుమడమల చెప్పులు వేసుకున్నట్టు అవుతుంది. వెడల్పు స్కీకి అంటుకునే మంచూ ఎక్కువే. పొలుసుల మీద జారుడు మైనం ముద్ద రుద్దడం బద్ధకించకండి. చాలామంది ముక్కుకీ తోకకీ రుద్ది పొలుసులను వదిలేస్తారు. మీ కొలరాడో చలిలో ఈ గొడవ ఏప్రిల్ దాకా రాకపోవచ్చు.

చలిచీమ, నవంబరు 8

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ దండాలు.

సరస్సుగాలి గారు నేల చూడమన్నారు కాబట్టి నిన్న రాత్రి నా డైరీ తీశాను. పోయిన చలికాలం మొత్తం 17 సార్లు వెళ్ళాను. అందులో పిక్క దాటి మునిగిన రోజులు 4. మిగతా 13లో 9 రోజులు తొక్కిన దారే, పక్కకు దిగినప్పుడు మాత్రమే లోతు. ఆ నాలుగు రోజుల్లోనూ వెళ్ళేటప్పుడు నేనే దారి తొక్కాను, వచ్చేటప్పుడు ఆ దారిలోనే తిరిగి వచ్చాను. పదిమంది నడిచాక అది గట్టిపడి ఉంది.

కాబట్టి నాకు కావలసింది పొద్దున మైదాపిండిలో తేలి, మధ్యాహ్నం చెక్కలాంటి దారి మీద కాలు మెలిపెట్టని స్కీ. మామయ్య గారూ, 78 నడుముతో, తోలు బూటుతో గట్టి దారి మీద ఏం జరుగుతుంది?

ఉప్పుసరస్సు మామయ్య, నవంబరు 8

నిజం చెప్పమంటే చెబుతాను. స్కీ అంచు నీ పాదం అంచు కంటే బయటకు ఉంటుంది. గట్టి ఏటవాలు మీద అడ్డంగా పోతున్నప్పుడు నేల ఆ అంచును పైకి తోస్తుంది, స్కీ చదునుగా పడుకోవాలని చూస్తుంది. దాన్ని ఆపాల్సింది నీ చీలమండ. ప్లాస్టిక్ బూటైతే ఆ పని అది చేస్తుంది. తోలు బూటైతే రోజంతా నువ్వే చేయాలి. మెత్తని మంచులో ఈ బాధ ఉండదు, స్కీ ఎంత వెడల్పున్నా పూడుకుని ఉంటుంది కనుక.

డైరీ తీయడం మంచి పని. నేనెప్పుడూ తీయలేదు. తీసి ఉంటే నాలుగు జతల డబ్బు మిగిలేది.

చెక్కపని (బర్లింగ్టన్, వెర్మాంట్), నవంబరు 9

ఆలస్యంగా వచ్చాను. నాకు 98 లాంటి వెడల్పు స్కీ ఉంది. మా కాటమౌంట్ ట్రెయిల్ మసాచుసెట్స్ సరిహద్దు నుంచి కెనడా దాకా 300 మైళ్ళు. ఒక రోజులోనే గాడి, అడవి, పెచ్చు, పిండి అన్నీ తగులుతాయి. 70 లోపు నడుము ఉంటే తోలు బూటుతో నెట్టుకురావచ్చన్నది నా అనుభవం.

నేను చెప్పాలనుకున్నది వేరే. ఏ స్కీ కొన్నా బైండింగు ఎక్కడ బిగిస్తున్నారో చూసుకోండి. ఒక దుకాణంవాళ్ళు నా జతకు మూడు సెం.మీ. వెనక్కి బిగించారు, వెడల్పు స్కీ అంటే దిగడానికే అనుకుని. దిగేటప్పుడు బాగానే ఉంది. కాలెత్తితే ముక్కు బరువుకు కిందకు వాలి, ప్రతిసారీ మంచులోకి దూరేది. స్కీది తప్పనుకుని ఒక చలికాలమంతా తిట్టుకున్నాను.

తర్వాత రంధ్రాలు పూడ్చి నేనే బిగించుకున్నాను. ఇనప స్కేలును వైసులో (బిగించి పట్టే పనిముట్టులో) అంచు మీద నిలబెట్టండి. దాని మీద స్కీని అడ్డంగా పెట్టి ముందుకీ వెనక్కీ జరపండి. తక్కెడ ముల్లులా అటూ ఇటూ ఊగి ఒకచోట నిలుస్తుంది. అక్కడ పెన్సిలు గీత. మూడుసార్లు చేస్తే మూడు గీతలూ ఒక మిల్లీమీటరు లోపే పడాలి. బూటు ముందు పట్టుకునే ఇరుసు ఆ గీత మీదకు రావాలి. ఇలా బిగించిన స్కీని బైండింగు దగ్గర పట్టుకుని ఎత్తితే ముక్కు కాస్త పైకో చదునుగానో ఉంటుంది. లోతు మంచులో ఆ కాస్తే ప్రాణం. మరలకు రంధ్రాలు తొలిచేటప్పుడు, లోపల రేకు పొర లేని స్కీకి 3.6 మి.మీ. డ్రిల్లు మొన, 9 మి.మీ. దగ్గర ఆగేది వాడండి. మామూలు మొనతో తొలిస్తే అడుగు చీల్చుకుని బయటకు వస్తుంది. రంధ్రంలో జిగురు వేయడం మరిచిపోవద్దు, నీరు దిగితే లోపలి చెక్క కుళ్ళుతుంది.

ఫిన్సే అక్క, నవంబరు 9

చెక్కపని గారి పోస్టును అందరూ ముద్రించి గోడకు అంటించుకోవాలి.

చలిచీమ గారూ, బూట్లు మార్చే రోజు వస్తే ఎక్స్‌ప్లోర్ బైండింగు గురించి ఆలోచించండి. బూటు ముందు భాగంలోనే స్ప్రింగు మేకులుంటాయి, చీలమండకు పట్టు ఎక్కువ. అయితే ఆ బూటు మీ ఎన్.ఎన్.ఎన్. బీసీలో పట్టదు, మీ బూటు దానిలో పట్టదు. రెండు జతలకూ ఒకేసారి మార్చాలి. ఇంట్లో అనుమతి పెద్దదే తీసుకోవాలి.

ఉప్పుసరస్సు మామయ్య, నవంబరు 10

స్కీల మాట కాసేపు పక్కన పెడతాను. కామెరాన్ పాస్ అన్నావు. డిచ్ మీద ఉన్నంతసేపు తల పైకెత్తి చూస్తూ ఉండు. పైన డైమండ్ పీక్స్ వైపు నిటారు వాలులున్నాయి. ఇన్నాళ్ళూ నీ స్కీలు మునిగిపోయేవి కాబట్టి అటు వెళ్ళాలని అనిపించలేదు. రేపు తేలే స్కీలు వస్తే అనిపిస్తుంది.

మీ వైపు మంచు పొర పలచన, చలి ఎక్కువ. నేల దగ్గర మంచు పంచదారలా పలుకులు పలుకులై పట్టు లేకుండా పోతుంది. దాని మీద రెండడుగుల కొత్త మంచు పడిందనుకో, పలుకుల మీద పలక పెట్టినట్టే. చదును మైదానంలో నడుస్తుంటే ఒక్కోసారి కాళ్ళ కింద "వుంఫ్" అని మూగ చప్పుడు వస్తుంది. చుట్టూ మంచు ఒక అంగుళం కిందకు దిగుతుంది. పక్కన ఉన్న చిన్న చెట్టు తల ఊపుతుంది. అది విన్న రోజు ఏటవాలు దగ్గరకు వెళ్ళకు, ఏటవాలు కిందకూ వెళ్ళకు. పైన కదిలి కిందకు రావడానికి నువ్వు పైన ఉండనక్కర్లేదు. మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో విరుగుతాయి. ఫోనులో వాలు కొలిచే సాధనం ఉంటుంది, వాడు. కొలరాడో చరియల సమాచార కేంద్రం రోజూ ఇచ్చే హెచ్చరిక చదవకుండా కారు తాళం తీయకు. బీకను (మంచులో పూడుకుపోయినవాళ్ళ జాడ చెప్పే రేడియో పరికరం), పార, మంచులో గుచ్చి వెతికే పొడుగు కమ్మీ, వాటిని వాడటం తెలిసిన ఇంకో మనిషి ఉంటేనే వాలు.

చెట్ల మొదళ్ళకు కూడా దూరం. కొమ్మల కింద గుల్లగా ఉంటుంది. తలకిందులుగా పడితే లేవలేవు.

ఫిన్సే అక్క, నవంబరు 10

ఈ ఒక్క పోస్టుకు మామయ్య గారితో నాకు పేచీ లేదు. మా కొండ నియమాల్లో ఎనిమిదోది: వేళకు వెనుదిరగండి, తిరిగి రావడంలో సిగ్గు లేదు. మా పిల్లలకు ఇది ఎక్కాల కంటే ముందు వస్తుంది.

చలిచీమ, డిసెంబరు 15

నెల తర్వాత వచ్చాను, క్షమించాలి. మంచు కోసం ఎదురుచూశాను. పోయిన శనివారం పడింది, పద్దెనిమిది అంగుళాలు.

ఆఫీసులో ఒకాయన దగ్గర 78 నడుము స్కీలు ఉన్నాయని తెలిసింది. పొడవు 179, బైండింగు నాదే రకం. అరువు తీసుకున్నాను. ఒక కాలికి అది, ఒక కాలికి నాది వేసుకున్నాను. నవ్వకండి, పార్కింగు స్థలంలో ఉన్నవాళ్ళు ఆ పని ఇప్పటికే చేశారు.

ఎడమకాలు (వెడల్పుది) మోకాలికి జానెడు కింద ఆగింది. కుడికాలు ఇంకో నాలుగు వేళ్ళు దిగింది. అంతేనా అనిపించింది. కానీ అసలు తేడా ముక్కు దగ్గర ఉంది. ఎడమ ముక్కు పదడుగులకు ఏడెనిమిది సార్లు మంచు పైన కనబడుతూ ఉంది. కుడిది ఒక్కసారీ బయటకు రాలేదు. ముక్కు కనబడితే మనసుకు ఎంత ధైర్యమో.

తర్వాత రెండు కాళ్ళకూ వెడల్పువే వేసుకుని రెండు మైళ్ళు వెళ్ళాను. వెళ్ళేటప్పుడు మామయ్య గారికి మనసులో పాలాభిషేకం చేశాను. వచ్చేటప్పుడు దారి గట్టిపడింది. స్నోషూల గుంతలు, కుక్క కాళ్ళు, అక్కడక్కడ గాజులా మెరిసే చోటు. కాలువ గట్టు ఒక పక్కకు వాలి ఉంటుంది. అక్కడ కుడి చీలమండ మామయ్య గారు రాసిన ఉద్యోగం మొత్తం చేసింది. ఇంటికి వచ్చాక మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాను.

మర్నాడు ఒక దుకాణం నుంచి 98 అద్దెకు దొరికింది, 189 పొడవుది. అదే బాట, ఒక రోజు పాత మంచు. దారి వదిలి చెరువు వైపు తొక్కని చోటుకు దిగాను. ముక్కు సగం సార్లు పైకి వచ్చింది. రాని సార్లలో కూడా దున్నలేదు, పైపొరలోనే జారుతూ వచ్చింది. చెట్ల మధ్య తిప్పడానికి ఆగి కాలెత్తి వేయాల్సి వచ్చింది, అది నిజం. తిరుగుదారిలో చీలమండ ఊసే లేదు.

98నే కొన్నాను. 189. వాలెక్కేటప్పుడు వాడే కురచ స్కిన్ కూడా తీసుకున్నాను. అడుగున చీలికలోకి కొక్కెం దూర్చి అతికించేది. బైండింగు నేనే బిగించాను, చెక్కపని గారి స్కేలు పద్ధతిలో. మొదటి స్కీకి మూడు గీతలు ఒక్కచోటే పడ్డాయి. రెండోదానికి నాలుగోసారి కూడా కుదరలేదు. అరగంట తర్వాత తెలిసింది, స్కిన్ తీయడం మరిచిపోయి తూస్తున్నాను.

ఉప్పుసరస్సు మామయ్య, డిసెంబరు 15

కుడికాలితో కొన్నావు, ఎడమకాలితో కొని ఉండాల్సింది. సరే. ఆ నాలుగు రోజులు వచ్చినప్పుడు నన్ను తలుచుకుంటావు.

ఒక కాలికి ఒకటి వేసుకుని చూడటం మాత్రం మాకెవరికీ తోచలేదు. దానికి మెచ్చుకుంటున్నాను.

సరస్సుగాలి, డిసెంబరు 16

నాలుగు వేళ్ళ తేడా అన్నారు కదా, కొలిచారా, అంచనానా? ఏం లేదు, అక్క లెక్కకు సరిపోతుందేమో చూద్దామని.

చలిచీమ, డిసెంబరు 16

కర్ర మీద గోటితో గుర్తు పెట్టి ఇంటికొచ్చి టేపుతో కొలిచాను. ఏడు సెం.మీ. బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా వేశానని మాత్రం ప్రమాణం చేయలేను.

తడిమబ్బు, డిసెంబరు 16

మీ 78 అమ్ముతారా? సియాటెల్ దాకా పంపే ఖర్చు నాది. బంధువు ఒకాయన నేర్చుకుంటానంటున్నారు.

చలిచీమ, డిసెంబరు 17

నిన్నటి దాకా అమ్మకానికే ఉన్నాయి. ఆదివారం నేను కొత్తవి వేసుకుని వెళుతుంటే మా ఆవిడ పాతవి తనకిమ్మన్నారు. స్నోషూల వాదన వదిలేశారు. ఎక్కుడులో పది అడుగులకు ఒకసారి వెనక్కి జారారు. తప్పు ఆవిడది కాదు. ఆవిడ 53 కిలోలు. నా బరువుకు తగ్గ వంపు ఆవిడ కింద అణగదు, పొలుసులు నేలను తాకవు. తిరుగుదారిలో మాత్రం నన్ను దాటుకుని వెళ్ళిపోయారు, ఆ పెద్దావిడ నవ్వినట్టే నవ్వుతూ.

కాబట్టి 78 ప్రస్తుతానికి ఇవ్వలేను. 53 కిలోలకు, 160 సెం.మీ. ఎత్తుకు ఏది బాగుంటుందో ఇక్కడే అడగనా, కొత్త చర్చ మొదలుపెట్టనా?

ఉప్పుసరస్సు మామయ్య, డిసెంబరు 17

కొత్తది మొదలుపెట్టు. ఈసారి వెడల్పు సంగతి మొదటి పోస్టులోనే రాయి.